వియ్యంకుల వైద్యం

భూపాలపల్లిలో కాపురముంటున్న మా బిడ్డకు మొన్న జలుబు చేసింది. రెండిళ్ల వాళ్లం కలిసి ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆమె అత్తగారు థర్మామీటర్ ఫొటో పెట్టింది. నా భార్య వెంటనే కషాయం ఎట్లా కాచాలో గొంతు రికార్డు చేసి పంపింది. మా వియ్యంకుడు మంచి మనిషి. రెండు దండాలు, ఒక గులాబీ పువ్వు పెట్టి, కింద "తమరు ఎట్లా చెబితే అట్లాగే" అని రాశాడు. ఆ 'తమరు' నా కంట పడింది. వెంటనే ఫోన్ చేసి, నా దగ్గర మొహమాటాలు పెట్టుకోవద్దని, ముందు పిల్లను డాక్టరుకు చూపించమని గట్టిగా చెప్పాను. ఆయన బిత్తరపోయాడు. జలుబుకు ఇంత గడబిడ చేసినందుకు గ్రూపులో అందరూ చాటుగా నవ్వుకున్నారట. నవ్వుకోనివ్వండి. వియ్యంకుల మధ్య మర్యాద ఎంత ప్రమాదమో వాళ్లకేం తెలుసు? నేను దాని చేతిలో చచ్చి బతికిన మనిషిని.

మా నాయిన జఫర్‌గఢ్‌లో వైద్యుడు. తాతల నాటి నుంచి వస్తున్న చెట్ల మందుల వైద్యం. మా ఇంట్లో పోపు వాసన కంటే శొంఠి వాసన ఎక్కువగా ఉండేది. నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడంటే రోగి కూడా భయంతో ఊపిరి బిగబట్టేవాడు. మాట మహా మెత్తన. చిన్నపిల్లలను కూడా 'అయ్యా', 'అమ్మా' అని పిలిచేవాడు. బర్రెను కట్టేసేటప్పుడు కూడా 'జర జరుగు తల్లీ' అని బతిమిలాడేవాడు. ఆయన గొంతు పెంచడం మా అమ్మ కూడా ఎన్నడూ వినలేదట.

నాకు పిల్లనిచ్చిన మామ గంగారంలో డాక్టరు. డిగ్రీ ఉన్న డాక్టరు కాదు, ఊళ్లలో తిరిగి వైద్యం చేసే ఆర్‌ఎంపీ. సూదిమందు డాక్టరు అంటే ఆ అడవిలో అందరికీ తెలుసు. తోలు సంచి సైకిలుకు తగిలించుకుని గూడేలు, తండాలు తిరిగేవాడు. గొంతు ఎంత పెద్దదంటే, తండాలో అడుగు పెట్టి ఎవరికి జ్వరమని అడిగితే జ్వరం లేనివాళ్లు కూడా తలుపులేసుకునేవాళ్లు. లంబాడీ వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడేవాడు, వాళ్ల భాషలోనే తిట్టేవాడు. పథ్యం తప్పిన వాడికి సూది కంటే తిట్లే ఎక్కువ పడేవట.

వైద్యుని కొడుక్కి డాక్టరు బిడ్డను చేస్తున్నారు, ఇక ఆ ఇంటి వైపు రోగం కన్నెత్తి కూడా చూడదని మా పెళ్లిలో ప్రతివాడూ అన్నాడు. రోగం ఆ మాట విన్నదనుకుంటాను. దానికి రోషం వచ్చింది.

ఈ ఇద్దరూ ఎదురుపడితే చూడాలి. అంత గొంతున్న మా మామ నాయిన ముందు గుసగుసగా మాట్లాడేవాడు. అసలే మెత్తని మా నాయిన ఆయన ముందు ఇంకా మెత్తబడేవాడు. పెళ్లి భోజనాల్లో ముందు తమరు కూర్చోవాలంటే తమరు కూర్చోవాలని ఇద్దరూ విస్తళ్ల ముందు నిలబడి పోటీ పడ్డారు. వాళ్లు కూర్చుంటే గాని మిగతావాళ్లు తినడానికి లేదు. చివరికి మా మేనత్త వచ్చి ఇద్దరినీ ఒకేసారి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. ఒకరు వైద్యంలో ఎంత గట్టివాళ్లో ఇంకొకరికి తెలుసు. అందుకే గౌరవం మరీ ముదిరింది. వైద్యుడి ముందు వైద్యం గురించి మాట్లాడటం తప్పని ఇద్దరి నమ్మకం.

ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది. అల్లుడు ఆ నెలంతా అత్తగారింటి గడప తొక్కకూడదు. అప్పటికి నేను జనగామలో కరెంటు ఆఫీసులో కొత్తగా చేరాను. శ్రావణం రాగానే సెలవు పెట్టుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, పెళ్లాన్ని తెచ్చుకోవడానికి గంగారం బస్సెక్కాను. బస్సు దిగీ దిగగానే వాన అందుకుంది. వాగులు పొంగాయి, బస్సు బందయింది. మా అత్తగారు అప్పటికే గారెలకు పప్పు నానబోసింది.

ఆ ఇంట్లో అత్తగారు అల్లుడికి ఎదురుపడేది కాదు. తలుపు వెనకే ఉండేది. ఆమె ముఖం నేను సరిగా చూడలేదు గాని ఆమె గరిటె మాత్రం బాగా పరిచయమైంది. పొద్దున గారెలు, మధ్యాహ్నం నాటుకోడి, సాయంత్రం బచ్చాలు, అవే బొబ్బట్లు, వాటి మీద నెయ్యి. చాలంటే తలుపు వెనక గాజులు బాధగా చప్పుడయ్యేవి. ఆ చప్పుడు వినలేక ఇంకొకటి తినేవాణ్ణి. వాన వెలిసి బస్సు నడిచే నాటికి నాకు జ్వరమొచ్చింది. ఏది తిన్నా వాంతి. అన్నం వాసన వస్తే చాలు, గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి, లేకపోతే బయటివాళ్లకు మా వాళ్లు మూర్ఖులని అనిపిస్తుంది. ఒకటి, కొత్త అల్లుడు అత్తగారింట్లో జబ్బు పడితే నయమయ్యేదాకా ఇంటికి పంపరు. తిండి పెట్టి రోగం తెప్పించి బస్సెక్కించారన్న మాట పడాల్సి వస్తుంది. రెండు, పిల్లవాడి తండ్రి పిలవకుండా వచ్చి చూడడు. వస్తే, నా కొడుకును మీరు సరిగా చూసుకోవడం లేదని ముఖం మీద చెప్పినట్టే. కాబట్టి నేను గంగారంలో మంచం మీద, మా నాయిన జఫర్‌గఢ్‌లో అరుగు మీద. మధ్యలో మిగిలింది పోస్టు.

మా మామ చేతిరాత ఆయనకే అర్థం కాదు. అందుకని ఆయన చెప్తుంటే నా భార్య రాసేది. నేను పడుకున్న గదిలో, మా మాటలో అర్రలో, నా మంచం పక్కనే చాప వేసుకుని, తలవంచుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది. మా పెళ్లయి ఇంకా కొత్త. ఆమె గొంతు నేను సరిగా విన్నది ఆ ఉత్తరాలు పైకి చదివేటప్పుడే.

మొదటి ఉత్తరం నాకు ఇప్పటికీ గుర్తు. మహారాజశ్రీ వియ్యంకుల వారి సముఖానికి నమస్కారాలతో మొదలై, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తామన్న మాటతో నడిచింది. వియ్యపురాలి మోకాలు నొప్పి ఎట్లా ఉందో కనుక్కుంది. బర్రె ఈనిందా అని అడిగింది. గంగారంలో పడిన వానను వర్ణించింది. అంతా అయ్యాక, కాగితం చివర మిగిలిన జాగాలో, అల్లుడు గారికి కొంచెం నలతగా ఉందని, తమరి వంటి వారుండగా తాము చెప్పేంతటి వాళ్లం కాదని, ఏం చేయమంటారో సెలవియ్యమని రాసి ముగించారు. మేమంతా క్షేమం అన్నప్పుడు నేను పక్కనే బకెట్లోకి వంగి ఉన్నాను.

ఉత్తరం పోయింది. దానికి జవాబు రావడానికి పట్టినంత కాలంలో మనిషి చచ్చి దినాలు కూడా చేసుకోవచ్చు. ఈలోపు మా మామ నాకు జ్వరం గోలీలు వేశాడు, సూదులు పొడిచాడు, గ్లూకోజు ఎక్కించాడు. తర్వాత నాయిన జవాబు వచ్చింది. అది ఇంకా అందమైన ఉత్తరం. వియ్యంకుల వారి హస్తవాసి గురించి తాను చాలామంది దగ్గర విన్నానని, తమరు ఏది ఇస్తే అదే అమృతమని రాశాడు. అయినా అడిగారు కాబట్టి చెప్పకపోతే మర్యాద కాదని, పిత్తం తగ్గడానికి ఒక కషాయం పొడి పొట్లం కట్టి పంపాడు.

పొట్లం చూడగానే మా మామ సూదులు బందు పెట్టాడు. వియ్యంకుల మందు వచ్చాక తన మందు ఇంకెందుకని, కషాయం మొదలుపెట్టి, ఆ సంగతి వినయంగా రాయించాడు. అది చదివిన మా నాయిన నొచ్చుకున్నాడు. ఎదురుగా ఉండి చూస్తున్న వైద్యుడి మందు ఆపించి తన మందు పెట్టించడం ఎంత పొరపాటని, వెంటనే కషాయం ఆపేసి వియ్యంకుల వారి సూదులే కొనసాగించాలని ప్రాధేయపడ్డాడు. ఆ ఉత్తరం చేరేలోపు మా మామ ఇంకో ఉత్తరం వేశాడు, అందులో కషాయం గుణం చూపిస్తున్నదని రాశాడు. గుణమేమీ కనిపించలేదు. మర్యాదకు రాశాడు. అది చదివి నాయిన ఇంకో పొట్లం పంపాడు. ఈలోపు కషాయం ఆపమన్న ఉత్తరం అంది ఇక్కడ సూదులు మళ్లీ మొదలయ్యాయి. రెండు ఉత్తరాలు రెండూళ్లకు మధ్యలో ఉన్న మానుకోటలో ఎక్కడో ఎదురుపడి, ముందు తమరంటే తమరని దారి ఇచ్చుకుంటున్నాయేమోనని నాకు మంచం మీద అనిపించేది. నేను మాత్రం ఒక వారం చేదు మింగాను, ఒక వారం పొడిపించుకున్నాను.

అప్పటికి నా కళ్లు పచ్చబడ్డాయి. మా మామ ఎన్నో తండాల్లో ఎన్నో కామెర్లు చూసిన మనిషి. ఒక్క చూపుకే ఆయనకు తెలిసిపోయింది. తెలిసి, సైకిలు తీసుకుని బయటికెళ్లి, చాలాసేపటికి వచ్చాడు. ఆ రోజు ఉత్తరంలో అల్లుడు గారి కళ్ల ఛాయ ఒకింత మారినట్టు అనుమానంగా ఉందని రాయించాడు. కామెర్లన్న మాట రాయించలేదు. కొత్త అల్లుడికి మా ఇంట్లో కామెర్లు వచ్చాయని వియ్యంకుడికి ఎట్లా రాస్తారు? ఇక మూత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పసుపు నీళ్లలా వస్తున్నది. ఏ వైద్యుడైనా ముందు అడిగేది అదే. కానీ అల్లుడి మూత్రం రంగు గురించి వియ్యంకుల వారి సముఖానికి రాయడానికి మా మామకు ప్రాణం ఒప్పలేదు.

నాయిన కళ్ల ఛాయ అన్న మాట చదివి, నిద్ర తక్కువై వేడి చేసి ఉంటుందనుకున్నాడు. తలకు ఆముదం పెట్టమన్నాడు. ఇంకో పక్క, అల్లుడు గారు మొన్న గారెలు ఇష్టంగా తిన్నారని మా మామ మర్యాద కోసం రాయిస్తే, నాయిన ఆ మాట రెండుసార్లు చదివాడు. పిత్తం రోగికి నూనె సరుకు పెడుతున్నారని అర్థమైంది. పెట్టవద్దని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. వియ్యపురాలి చేతి వంటకు వంక పెట్టడమా? వియ్యపురాలి ఆదరణకు తాము ఎంతో రుణపడి ఉన్నామని రాశాడు. ఆ మాట నా భార్య పైకి చదవగానే తలుపు వెనక గాజులు సంతోషంగా గలగలమన్నాయి. మరునాడు గారెలు ఇంకా పెద్దవి చేసింది.

వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని మా మామకు మనసులో ఉంది. కానీ వైద్యుడైన తండ్రి అనుమతి లేకుండా ఆయన కొడుకును ఇంకో డాక్టరు చేతిలో పెట్టడం ఎట్లా? తమరి మందుతో కాలేదని చెప్పినట్టు అవుతుంది. అనుమతి అడుగుదామంటే అడగడమే తప్పు. నా రోగం కంటే ఈ లెక్కలే ఆయన్ను ఎక్కువ తిన్నాయి. మనిషి చిక్కిపోయాడు. తండాలకు పోవడం మానేశాడు.

నాకు భయం మొదలైంది. అంతదాకా విసుగ్గా ఉండేది, కోపంగా ఉండేది, ఈ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేయాలని ఉండేది. అప్పుడు మాత్రం ఒట్టి భయం. చేతులు మంచం మీద పెట్టుకుంటే గోళ్లు కూడా పచ్చగా కనిపించేవి. పొద్దంతా నిద్ర. లేచినా నిద్రలో ఉన్నట్టే. ఒకరోజు నా భార్య నీళ్లు తాగిస్తుంటే 'అమ్మా, ఇక చాలు' అన్నానట. నాకు గుర్తు లేదు. ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టేసి, నా ముఖం చాలాసేపు చూసిందట. అట్లా చూసిన సంగతి ఆమె చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

మరునాడు మా మామ ఉత్తరానికి కూర్చున్నాడు. మహారాజశ్రీ నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాడు. ఆమె రాస్తూ పోయింది. ముగిశాక ఎప్పటిలాగే ఒకసారి చదివి వినిపించమన్నాడు. నేను సగం మగతలో ఉన్నాను గాని ఆ చదివింది మాత్రం నా చెవిలో పడింది. 

"మామా, ఇక్కడ క్షేమం లేదు. మీ కొడుక్కు కామెర్లు. కండ్లు పచ్చగున్నయి, ఒంటేలు పచ్చగున్నది. తిన్నది ఇముడ్తలేదు. నిన్న నన్ను చూసి తన తల్లి అనుకున్నడు. మీరు మా బాపు మీద గౌరవంతోటి, మా బాపు మీ మీద గౌరవంతోటి మనిషిని చంపుతున్నరు. ఎల్లుండి పొద్దటి బస్సుకు నేను ఆయన్ని మానుకోటకు తీసుకొస్తున్న. ఆడికెళ్లి రైల్ల వరంగల్ పెద్ద దవాఖానకు పోతం. వస్తరో రారో మీ ఇష్టం."

మా మామ ఆమె చేతిలోని కాగితం వైపు వంగి చూశాడు. తర్వాత, దండం రాయలేదేమని అడిగాడు.

"ముందు మనిషి బతకనీ బాపు. దండం తర్వాత పెడ్త," అన్నది.

కొత్త కోడలు మామగారికి అట్లా రాయడం ఆ రోజుల్లో ఉన్నదే కాదు. ఆ ఉత్తరం పోతే పిల్ల కాపురం ఏమవుతుందోనని మా మామకు దిగులు పట్టుకుందని ఆయన ముఖమే చెప్తున్నది. కాగితం తీసుకుని మడిచాడు, విప్పాడు. అప్పుడు తలుపు వెనక నుంచి మా అత్తగారి గొంతు వినబడింది. అంతవరకు నేను వినని గొంతు.

"అదే పంపుండ్రి," అన్నది.

పోస్టులో వద్దని, బస్సు కండక్టరు చేతికి ఇవ్వమని నా భార్య పట్టుబట్టింది. చేతి ఉత్తరమంటే మా దగ్గర చావు కబురు. మామూలు ఉత్తరం ఎవరూ మనిషి చేతికిచ్చి పంపరు. కండక్టరు దాన్ని మానుకోట బస్టాండులో జఫర్‌గఢ్ వైపు పోయే ఒకాయనకు ఇచ్చాడు. ఆయన మరునాడు మా ఇంటి ముందు నిలబడి, గంగారం నుంచి ఉత్తరం తెచ్చానని అనగానే మా అమ్మ విప్పకముందే ఏడుపు మొదలుపెట్టిందట. నాయిన అరుగు మీద కూలబడి, చాలాసేపటి దాకా మడత విప్పలేకపోయాడట. విప్పి, క్షేమం లేదన్న మాట చదివి, హమ్మయ్య అన్నాడట. క్షేమం లేదని రాశారంటే ప్రాణం మాత్రం ఉన్నదన్నమాట.

నన్నూ, నా భార్యనూ, మా మామనూ తెచ్చిన బస్సు మానుకోట బస్టాండులో ఆగేసరికి నాయిన కిటికీ కింద నిలబడి ఉన్నాడు. బస్టాండు ఎవరి ఇల్లూ కాదు కాబట్టి పిలవకుండా రావచ్చని ఆయన ఆలోచించాడో లేదో నాకు తెలియదు. ఆలోచించినట్టు మాత్రం కనిపించలేదు. మడత నలగని ధోవతి లేకుండా గడప దాటని మనిషి, మందు నూరేటప్పుడు కట్టుకునే పసరు మరకల పంచెతోనే వచ్చాడు. నన్ను దింపగానే కింది రెప్ప లాగి చూశాడు. తర్వాత మా మామ వైపు తిరిగాడు.

"ఏందయ్యా గిది? దీన్ని ఛాయ మారుడంటరా?" అన్నాడు.

తమరు లేదు, వియ్యంకుల వారు లేరు. బస్టాండంతా వినబడేంత గొంతు. మా నాయినకు ఆ గొంతున్నట్టు నాకు తెలియదు. మా మామ ఒక్క క్షణం తలొంచుకున్నాడు. ఎత్తేసరికి ఆయన తండా గొంతు ఆయనకు తిరిగొచ్చింది.

మానుకోట నుంచి వరంగల్ దాకా రైల్లో ఆ ఇద్దరూ పోట్లాడుకున్నారు. నేను నా భార్య ఒళ్లో తల పెట్టుకుని, కొంత వింటూ, కొంత నిద్రపోతూ ఉన్నాను. విననిది ఆమె తర్వాత చెప్పింది. ఒంటేలు పచ్చగా వస్తున్నదని రాయడానికి ఏం అడ్డమొచ్చిందని మా నాయిన. వియ్యంకునికి అల్లుని ఒంటేలు గురించి ఏ నోటితో రాయమంటావని మా మామ. గారెలు పెట్టొద్దని నువ్వెందుకు రాయలేదని ఆయన. మీ ఆడోళ్ల వంటకు వంక పెడితే నన్ను మనిషంటరా అని ఈయన. మధ్యలో కామెర్లకు ఆముదం ఎవడు పెడతాడని మా మామ అంటే, కామెర్లని చెప్పి చావకపోతే ఆముదం కాక ఏం పెడతానని మా నాయిన. కడుపు చెడిన మనిషికి అన్ని గోలీలు ఎందుకు మింగించావని ఈయన అంటే, మింగించినవి తక్కువ, నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆపినవే ఎక్కువని ఆయన. జ్వరం ఏ రోజు వచ్చింది, ఎప్పుడు తగ్గింది, ఏ మందు ఎన్నాళ్లు పడింది, కళ్లు ఎప్పుడు పచ్చబడ్డాయి, కక్కిందేమిటి, అంతా ఆ తిట్లలోనే బయటపడింది. ఇన్ని ఉత్తరాల్లో జరగని సంప్రదింపు ఆ ఒక్క ప్రయాణంలో జరిగింది.

పెట్టెలో జనం మొదట భయపడ్డారు, తర్వాత సర్దుకుని కూర్చుని విన్నారు. భూమి తగాదా ఏమైనా ఉందా అని ఎదురుగా కూర్చున్న ముసలాయన అడిగాడట. ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగి, వియ్యంకులమని చెప్పారట. దాంతో పెట్టెంతా నవ్వింది. నా భార్య కూడా నవ్విందట, నా తల మీద కన్నీళ్లు పడుతుండగానే.

దవాఖానలో డాక్టరు చిన్నవాడు. జబ్బు ఎప్పటి నుంచని అడిగితే మా వాళ్లిద్దరూ ఒకేసారి అందుకున్నారు. ఆయన కాసేపు విని, ఇద్దరినీ బయట కూర్చోమని, నా భార్యను అడిగాడు. ఆమె రైల్లో విన్నదంతా వరుసగా చెప్పింది. కాలేయం బాగా వాచిందని, ఇంకొన్ని రోజులు ఆలస్యం చేస్తే తన చేతిలో ఉండేది కాదని ఆయన అన్నాడు. కషాయం బందు, బయటి సూదులు బందు, నూనె బందు. ఆ మూడో మాట గంగారం చేరినప్పుడు మా అత్తగారు అలిగి ఒక పూట అన్నం తినలేదని విన్నాను.

నేను నెమ్మదిగా తేరుకున్నాను. వార్డు బయట బెంచీ మీద ఆ ఇద్దరి వాదన మాత్రం ఆగలేదు. మజ్జిగ ఇవ్వాలని ఒకరు, చెరుకు రసం ఇవ్వాలని ఒకరు, అసలు నీకేం తెలుసని ఇద్దరూ. నర్సు వచ్చి కసురుకునేది. నాకు మాత్రం ఆ గొడవ వింటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. బెంచీ మీద చప్పుడు ఆగితే దిగులయ్యేది. మళ్లీ మర్యాదలు మొదలయ్యాయేమోనని తల ఎత్తి చూసేవాణ్ణి.

నా భార్య మాత్రం మా నాయినకు ఎదురుపడేది కాదు. ఆయన వార్డులోకి వస్తే కొంగు తల మీదికి లాక్కుని నీళ్లకో దేనికో బయటికి పోయేది. దండం లేని ఉత్తరం రాసిన కోడలిని ఆయన ఏమంటాడోనని ఆమెకు లోపల గుబులు. నాకూ ఉండేది. ఆయన ఆ ఉత్తరం ఊసే ఎత్తలేదు.

నేను మొదటిసారి వాంతి లేకుండా నాలుగు ముద్దలు తిన్న రోజు మధ్యాహ్నం, ఆమె గిన్నె కడుక్కుని వస్తుంటే నాయిన ఆపాడు. ఆమె గోడకు ఆనుకుని తలవంచుకుని నిలబడింది. మా మామ కూడా బెంచీ మీంచి లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నీ ఉత్తరం చదివినంక మెతుకు ముట్టలే బిడ్డా," అన్నాడు మా నాయిన. ఆయన గొంతు మళ్లీ ఎప్పటిలా మెత్తగా ఉంది. "అంతకుముందటి ఉత్తరాలు ఎన్ని వచ్చినా, మా వియ్యంకుడు ఎంత మంచిగ రాసిండని మురుసుకుంట చదివిన. చదివి, కడుపు నిండ తిని పండుకున్న. కొడుకు అక్కడ చస్తుంటె నేను పండుకున్న."

ఆమె చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడింది. మా మామ వచ్చి నాయిన భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు తెల్వక పండుకున్నవు బావా," అన్నాడు. "నేను తెలిసి, పక్క అర్రల్నే పండుకున్న."